ఓబులయ్య స్లాబు మీద నా స్నానాలు

మా పాలకొల్లు వైపు జనం సెలవులొస్తే అరకు పోతారు, ఊటీ పోతారు, చేతిలో డబ్బు మరీ ఎక్కువైతే సింగపూరు పోతారు. మార్కాపురం ఎవరూ పోరు. నేను పోయాను. పోయి, ఓబులయ్య అనే ఆయన కట్టుకుంటున్న ఇంటి స్లాబు మీద, ఊరంతా కింద నిలబడి చూస్తుండగా, సబ్బు లేకుండా రెండు రోజులు స్నానం చేసి వచ్చాను. ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచి మా వీధిలో ఒక్కొక్కరూ ఒక్కో రకంగా చెప్పుకుంటున్నారు. జరిగింది జరిగినట్టు నేనే రాసేస్తే మేలనిపించింది.

మా అక్క రమణను మార్కాపురం అవతల పల్లెలో ఇచ్చి పాతికేళ్ళు దాటింది. అంత దూరపు సంబంధం కుదరడానికి కారణం పలకలు. మా బావ కేశవులు వాళ్ళ నాయన లారీలో పలకలు వేసుకుని మా గోదావరి బడులకు అమ్మడానికి వచ్చేవాడు. ఒకసారి ఆ లారీ మా ఇంటి ముందే చెడిపోయింది. బాగయ్యేసరికి మూడు రోజులు పట్టింది, ఆలోగా పెళ్ళి మాటలు కూడా అయిపోయాయి.

ఇప్పుడు పలక మీద రాసే పిల్లలు లేరు. బావ షెడ్డులో అదే రాయిని పొరలుగా చీల్చి, గోడలకు అంటించే బిళ్ళలు చేస్తారు. చీల్చేది ఒరిస్సా నుంచి వచ్చిన ఏడుగురు. వాళ్ళు మా అక్క పెరట్లో రెండు గదుల్లో అద్దెకుంటారు. వాళ్ళొచ్చినప్పటి నుంచి వీధి తొట్టిలో నీళ్ళు చాలడం లేదని, వాళ్ళను పంపించెయ్యాలని వీధివాళ్ళు పట్టుబట్టారు. వాళ్ళు పోతే షెడ్డు మూతపడుతుంది. షెడ్డు మూతపడితే మా బావ హైదరాబాదులో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా పోవాలి. చుట్టాలాయన ఆ ఉద్యోగం మాట్లాడి పెట్టాడు. అటో ఇటో ఆదివారం తేలిపోతుందని, గురువారానికల్లా నన్ను రమ్మని అక్క ఫోను చేసింది.

మధ్యలో నేనెందుకని అడిగాను. తగువు తీర్చడానికి ఎవరి పక్షమూ కానివాడు కావాలట. ఊళ్ళో అందరూ ఏదో ఒక పక్షమేనట. ఆ వీధి తొట్టి తాళం చేతిలో ఉన్న నర్సమ్మవ్వ నా పేరు చెప్పిందట. నీళ్ళున్న ఊరివాడికి నీళ్ళ మీద ఆశ ఉండదు కాబట్టి న్యాయంగా చెప్తాడని ఆమె లెక్క. అందరూ ఔనన్నారట. ఇంత పెద్ద పొరపాటు ఆ ఊరు ఇంకెప్పుడూ చేసి ఉండదు.

దొనకొండ దాకా

గుంటూరులో రైలు మారాక నా ఎదురుగా కూర్చున్నాయనది దొనకొండ దగ్గర పల్లె. హైదరాబాదులో టైల్స్ పని చేస్తాడు, మేనకోడలి పెళ్ళికి వస్తున్నాడు. హైదరాబాదువాళ్ళు మంచివాళ్ళు కాదని వినుకొండ వరకూ చెప్పాడు. కొళాయి సన్నగా వస్తే చాలు, బయటినుంచి వచ్చిన వీళ్ళే తాగేశారని వీళ్ళ వైపు చూస్తారట. నేను అయ్యో అన్నాను. నిజంగానే బాధనిపించింది.

వినుకొండ దాటాక పట్టాల పక్కన హిందీ మాట్లాడుకుంటూ కొందరు కంకర ఎత్తుతున్నారు. ఆయన వాళ్ళను చూసి, “యాడాడి నుంచో వచ్చినారు చూడన్నా. మాకు పనుల్లేకుండా చేసినారు,” అన్నాడు.

మీ పని హైదరాబాదులో ఉంది కదా, ఇక్కడ పోయిన పని ఏది అని అడిగాను. ఆయన శనక్కాయల పొట్లం నా వైపు జరిపాడు. అక్కడితో ఆ చర్చ ముగిసింది.

నేను తెచ్చుకున్న పులిహోర తిని, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, సీసాలో నీళ్ళు సగం ఒంపి చెయ్యి కడుక్కున్నాను. పెట్టెలో మాటలు ఆగిపోయాయి. పక్క సీటులో ఉన్న ముసలామె నీళ్ళు పడ్డ వైపే చూసి, “ఏ ఊరు నాయనా మనది?” అంది. పాలకొల్లు అన్నాను. “అదే అనుకున్యా,” అంది.

మార్కాపురం

స్టేషన్ నుంచి ఊళ్ళోకి ఆటోలో వెళ్ళాలి. ఆటో ఆయన దారి పొడుగునా పల్లెలవాళ్ళను తిట్టాడు. పల్లెల్లో బోర్లు ఎండిపోయి అందరూ టౌనుకొచ్చి పడుతున్నారు, గది అద్దెలు పెరిగిపోయాయి, ఆటోలు ఎక్కువైపోయాయి అని. మీది ఈ ఊరేనా అని అడిగాను. పుల్లలచెరువు అవతలట, బోరు ఎండిపోతే వచ్చేశాడట. “మేం వచ్చి పద్నాలుగేండ్లాయె సార్. మేం లోకల్,” అన్నాడు. లోకల్ కావడానికి ఎన్నేళ్ళు పడుతుందో కనుక్కుందామనుకున్నాను గానీ, అప్పటికే మీటరు లేని ఆటోలో బేరం విషయంలో ఓడిపోయి ఉన్నాను.

మార్కాపురంలో టీ పది రూపాయలు, మా ఊళ్ళోలాగే. తేడా నీళ్ళ దగ్గర. మా ఊళ్ళో నీళ్ళ క్యాను కొనేవాణ్ణి గొప్పింటివాడు అనుకుంటాం. ఇక్కడ క్యాను కొననివాడు లేడు. బోరు నీళ్ళు తాగితే పళ్ళు పచ్చబడతాయి, మోకాళ్ళు పట్టేస్తాయి. హోటల్లో జొన్నరొట్టె, పప్పు, ఎర్రకారం తిన్నాను. ఆ కారానికి గ్లాసుల మీద గ్లాసులు తాగుతుంటే సర్వరు నా దగ్గర నుంచి జగ్గు మెల్లగా పక్క టేబులు మీదికి మార్చాడు.

అక్క ఊరు

ఊరి పేరు రాయొద్దని అక్క ఒట్టు వేయించుకుంది. పెద్దారవీడు వైపు అని మాత్రం చెప్పగలను. ఒక పక్క నల్లమల నీలంగా, ఇంకో పక్క చీల్చి పారేసిన రాతిముక్కల గుట్టలు బూడిదరంగులో ఉంటాయి. రాతిముక్కలు వాగులోకి కూడా జారాయి. వాగులో నీళ్ళు లేవు కాబట్టి దాన్ని ఎవరూ పట్టించుకోవడం లేదు. ఆ కొండకు సొరంగం కొట్టి కృష్ణ నీళ్ళు తెస్తారని బావ చెప్పాడు. ఆ మాట తన పెళ్ళప్పుడు కూడా చెప్పాడు.

ఇంట్లో అడుగుపెట్టగానే తలుపు వెనక మేకుకు వేలాడుతున్న సంచి కనిపించింది. నల్ల రెగ్జిను సంచి. అందులో రెండు లుంగీలు, ఒక టార్చిలైటు, ఒక ఈల. ఉద్యోగంలో చేరాక కొంటే ఎక్కువ ధర అవుతుందని బావ ఈల ముందే మార్కాపురంలో కొనేశాడు. నేను వచ్చానని సరదాకి ఒకసారి ఊదాడు. అక్క నవ్వలేదు. వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేనెరిగిన మా బావ రాయిని తట్టి, లోపల ఎన్ని పొరలున్నాయో చెప్పగలడు. ఉలి పెట్టి ఒక్క దెబ్బ కొడితే మా వైపు పూతరేకుల్లా పొరలు విడిపోతాయి. ఆ చేత్తో రేపు కార్లు వచ్చినప్పుడు గేటు తియ్యాలి.

బాధ ఎక్కువైతే నాకు స్నానం చెయ్యాలనిపిస్తుంది. పెరట్లో నీలం డ్రమ్ము ఉంది. అది నా కోసమే నింపారనుకుని మొత్తం పోసుకున్నాను. చల్లగా ఉంది. తువ్వాలు చుట్టుకుని బయటికొస్తే అక్క డ్రమ్ములోకి తొంగి చూస్తోంది. అది ఇంటిల్లిపాదికీ రెండు రోజుల నీళ్ళట. పాతికేళ్ళ కిందట కాలువలో మునిగి గంటసేపు బయటికి రానిది ఆ మనిషే.

ఇంటింటికీ పలక

మర్నాడు నర్సమ్మవ్వ దగ్గరికి వెళ్ళాను. వీధి మధ్యలో సిమెంటు తొట్టి, పక్కనే వేపచెట్టు కింద ఆమె మంచం. రోజు మార్చి రోజు ట్యాంకరు వచ్చి తొట్టి నింపుతుంది. వీధిలో ఉన్న పద్దెనిమిది ఇళ్ళవాళ్ళు దాని నుంచే బిందెలతో పట్టుకుపోతారు. ఇంతకుముందు రెండో రోజు సాయంత్రం దాకా వచ్చేవి. ఇప్పుడు మొదటి రోజు మధ్యాహ్నానికే అడుగు కనబడుతోంది.

ఓబులయ్య కూడా అక్కడే ఉన్నాడు. అక్కకు ఎదురింటాయన, ఒరిస్సావాళ్ళను పంపాలని అందరికన్నా గట్టిగా అరుస్తున్నది ఆయనే. ఆయన దగ్గర తిరుగులేని సాక్ష్యం ఉందట. “వాళ్ళు అన్నంలో కూడా నీళ్ళు పోసుకుంటారు బావా. నేను కండ్లారా చూసినా,” అన్నాడు. అక్క తమ్ముణ్ణి కాబట్టి ఆ ఊరి మగవాళ్ళందరికీ నేను బావమరిదినే. అందరూ బావా అనే పిలుస్తారు, అందరూ ఆటపట్టిస్తారు. పొద్దున్నే మీరు తినే చద్దన్నంలో ఏం పోసుకుంటారని ఓబులయ్యను అడిగాను. అది గంజి అన్నాడు.

ఆ మధ్యాహ్నం ఆ సాక్ష్యాన్ని నేనే తిని చూశాను. షెడ్డులో పనిచేసేవాళ్ళలో రంజన్, అతని భార్య కుని తెలుగు కొంచెం మాట్లాడతారు. కుని నాకు గిన్నె నిండా పులిసిన నీళ్ళన్నం, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, వేయించి నలిపిన వడియాల పొడి పెట్టింది. ఆ ఎండలో అంతకన్నా మంచి భోజనం ఉండదు. ఆ నీళ్ళు కూడా తాగేస్తారు, పారబొయ్యరు. ఇంత దూరం ఎందుకొచ్చారని రంజన్‌ను అడిగాను. వాళ్ళ ఊరు సముద్రం పక్కనట. తుపాను వచ్చినప్పుడు ఉప్పునీళ్ళు పొలాల్లోకి వచ్చి, అక్కడే ఉండిపోయాయట. “మా దగ్గర నీళ్ళు ఎక్కువ అయింది సార్,” అన్నాడు. నీళ్ళు ఎక్కువై వచ్చినవాళ్ళను నీళ్ళు తక్కువై పంపించేస్తున్నారన్నమాట. ఇద్దరం నవ్వుకున్నాం, అతను కొంచెం తక్కువ నవ్వాడు.

ఎవరు ఎన్ని బిందెలు వాడుతున్నారో తెలియకుండా న్యాయం చెప్పడం ఎలా? బావ అటక మీద అమ్ముడుపోని పాత పలకలున్నాయి, చెక్క ఫ్రేములతో సహా. ఇంటికో పలక, ఒక బలపం పంచాను. పలక గుమ్మానికి వేలాడదియ్యాలి, బిందె తెచ్చుకున్నప్పుడల్లా ఒక గీత గియ్యాలి, ఆదివారం పొద్దున నేను లెక్కపెడతాను. ఇంత తెలివి నాకెక్కడి నుంచి వచ్చిందా అని ఆ రోజంతా నాకు నేనే ముచ్చటపడ్డాను.

గిద్దలూరు

శనివారం బావతో గిద్దలూరు వెళ్ళాను. ఒకవేళ ఒరిస్సావాళ్ళు పోవలసి వస్తే రాయి చీల్చే పాత పనివాళ్ళు ఎవరైనా దొరుకుతారేమో చూద్దామని. బావ దగ్గర ఐదు పేర్లున్నాయి. ఒకరు బెంగళూరు పోయినాడు, ఒకరు హైదరాబాదు పోయినాడు, ఇద్దరు గుంటూరు వైపు మిరపకోతలకు పోయినారు. ఐదో ఆయన ఇంట్లోనే ఉన్నాడు, ఆయనకు ఎనభై దాటాయి. బావను చూసి సంతోషంగా రేపట్నుంచి వచ్చేస్తానన్నాడు. లేవడానికి ఇద్దరు పట్టుకోవాల్సొచ్చింది.

బస్టాండు దగ్గర ఒకావిడ కొట్లో ఉగ్గాని, బజ్జీ తిన్నాం. నానబెట్టిన బొరుగులకు, అంటే మా మరమరాలకు, తాలింపు పెట్టి, పుట్నాల పొడి చల్లుతారు, పక్కన పొడుగు మిరపకాయ బజ్జీ. మా ఊళ్ళో మరమరాలంటే పిల్లలకు పెట్టే చిరుతిండి, ఇక్కడ అది కడుపు నింపే టిఫిను. ప్లేటు ముప్పై. పనివాళ్ళు ఎవరైనా దొరుకుతారా అని బావ ఆవిడను కూడా అడిగాడు.

“ఉండేది బస్సు ఎక్కేవాళ్ళు, ఎక్కించేవాళ్ళేనన్నా,” అంది ఆవిడ. “నా ఉగ్గాని ఇప్పుడు తినేది బీహారోళ్ళే. వాళ్ళు గూడ లేకుంటే నేనూ బస్సెక్కేదాన్ని.”

బావ బజ్జీ సగం తిని పక్కన పెట్టాడు. తిరుగు బస్సులో కిటికీలోంచి చూస్తూ, అపార్ట్‌మెంటులో లిఫ్టు చెడిపోతే మెట్లెక్కి చెప్పాల్సింది వాచ్‌మనేనా అని అడిగాడు. అవునన్నాను. ఎన్ని అంతస్తులని అడగలేదు. ఆయనతో కలిసి కూర్చున్న ఆ గంటన్నరా నాకు చాలా కష్టంగా గడిచింది.

ఆదివారం, తొట్టి దగ్గర

ఆదివారం పొద్దున పలకలన్నీ తొట్టి గట్టు మీద వరసగా పెట్టించాను. కొన్ని పలకలు రెండు వైపులా నిండిపోయి ఉన్నాయి. కొన్ని అద్దంలా తుడిచి ఉన్నాయి. విచారిస్తే తేలిందేమిటంటే, నేను వెళ్ళగానే వీధిలో రెండు కబుర్లు పుట్టాయి. ఇది ప్రభుత్వం వాళ్ళ సర్వే, ఎన్ని గీతలుంటే రేపు కొళాయికి అన్ని నీళ్ళు ఇస్తారని వీధి తూర్పు వైపు. గీతకింత అని నీటిపన్ను వేస్తారని పడమటి వైపు. తూర్పువాళ్ళు బిందె తెచ్చుకోకపోయినా గీత గీశారు, పడమటివాళ్ళు తెచ్చుకున్నవి కూడా చెరిపేశారు. ఒకాయన తనకు పలక చాలలేదని ఇంకోటి ఇమ్మని అక్కను అడిగాడట. నర్సమ్మవ్వ మంచం మీద నుంచి మొత్తం చూసి, “ఈ గీతల ప్రకారం మనది తొట్టి కాదు నాయనా, చెరువు,” అంది.

నిజంగా గీసిన పలకలు రెండే. ఒకటి కునిది. ఏడుగురు మనుషులు, రోజుకు ఎనిమిదో తొమ్మిదో గీతలు. రెండోది మా అక్కది. నిజాయితీ మా ఇంటి జబ్బు. దాని సంగతి తర్వాత.

గీతలు తుడిచేశారేమోనని ఓబులయ్య కుని పలకను వేలితో రుద్ది చూశాడు. అప్పుడే వెనక నుంచి లక్ష్మీదేవి అనే ఆవిడ లేచింది. ఆమె కూడా బావ షెడ్డులోనే బిళ్ళలు మోసే కూలీ. నీళ్ళ సంగతి నాకు తెలియదు గానీ, వీళ్ళొచ్చినాక మా కూలి పెంచమంటే, ఇష్టం లేకపోతే పొమ్మంటున్నారు, దాని గురించి ఏ పలక మీద రాయాలి అని అడిగింది. బావ తల దించుకున్నాడు. నేను కూడా. బావ ఆమెతో విడిగా మాట్లాడతానన్నాడు, మాట్లాడాడని తర్వాత తెలిసింది.

మళ్ళీ కేకలు మొదలయ్యాయి. ఎనిమిదో తొమ్మిదో అయినా వాళ్ళవల్లే కదా తొట్టి ఎండేదని తూర్పూ పడమరా మొదటిసారి ఏకమయ్యాయి. నా వైపు చూశారు, చెప్పమని. నేను బలపం జేబులో పెట్టుకుని మళ్ళీ తీశాను. ఆ ముసలాయన, ఆ సగం బజ్జీ, ఆ ఈల నా కళ్ళముందే ఉన్నాయి. కుని అప్పుడే అవ్వ దగ్గరికి వెళ్ళి, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, చాలా చిన్నగా చెప్పింది.

“అవ్వా, నీళ్ళు పోలేదు. పైన ఉన్నాయి.”

ఎవరికీ అర్థం కాలేదు. బిళ్ళలు ఆరబెట్టడానికి ఆమె రోజూ షెడ్డు పైకెక్కుతుంది. అక్కడి నుంచి వీధిలోని మిద్దెలన్నీ కనిపిస్తాయి. ఆమె చెయ్యి చూపించిన వైపు అందరం నడిచాం. అటు ఉన్నది ఓబులయ్య ఇల్లు. ఆయన వద్దు వద్దంటుండగానే నిచ్చెనెక్కాం.

అక్కడ కొత్త స్లాబు ఉంది, వేసి పదిరోజులైంది. సిమెంటు గట్టిపడాలని చుట్టూ గట్లు కట్టి, మా వరిమడుల్లా మడులు చేసి, నిండా నీళ్ళు పెట్టాడు. మడి మధ్యలో ఒక తెల్ల కొంగ ఒంటికాలి మీద నిలబడి ఉంది. నర్సమ్మవ్వను కింద నుంచి ఇద్దరు పట్టుకుని ఎక్కించారు. ఆమె కొంగను చూసింది. కొంగ ఆమెను చూసింది.

“మా ఊళ్ళో కొంగను చూసి పదేండ్లాయె,” అంది అవ్వ.

అక్కడి నుంచి చూస్తే ఇంకా నాలుగు ఇళ్ళ దగ్గర గోడలు తడిగా నల్లగా ఉన్నాయి. అన్నీ కొత్త గదులే. అక్క పెరటి గదులకు అద్దె వస్తుండడం చూసి వీధిలో సగం మంది గదులు మొదలుపెట్టారు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి గోడలకు బిందెలతో నీళ్ళు కొడుతున్నారు. ఈ గదులు ఎవరికయ్యా అని అవ్వ అడిగింది. ఓబులయ్య కొంగ వైపు చూస్తూ, అద్దెకు అన్నాడు. ఎవరికి అద్దెకు అంది. ఆయన గొంతు బాగా తగ్గిపోయింది. ఒరిస్సావాళ్ళకే, ఇంకెవరొస్తారు మన ఊరికి అన్నాడు.

ఎవరో నవ్వారు, ఇక ఆగలేదు. ఓబులయ్య భార్య అందరికన్నా ఎక్కువ నవ్వింది. ఏడుగుర్ని తరిమేసి ఆ గదుల్లో కొంగల్ని పెట్టుకుంటావా అంది.

అవ్వ మాత్రం నవ్వలేదు. “వచ్చినోళ్ళు తాగింది దినానికి ఎనిమిదో తొమ్మిదో బిందెలు. వాళ్ళు వస్తారని మనం గోడలకు తాగించింది తొట్టెడు,” అంది. ఆ మాటతో బావ మొహంలోకి ప్రాణం వచ్చింది. నేను అటు చూడలేకపోయాను, కళ్ళు తడి అయిపోయాయి.

ఓబులయ్య అంత తేలిగ్గా ఓడిపోయే రకం కాదు. సరే, నా స్లాబు తాగింది, మరి మన జడ్జిగారి సంగతేందని, మా అక్క పలక పైకెత్తి చూపించాడు. ఇందాక తర్వాత అన్నాను కదా, అదే ఇది. ఒరిస్సావాళ్ళ పలక కంటే మూడింతలు గీతలు. మొదటిరోజు నేను ఖాళీ చేసిన డ్రమ్ము మళ్ళీ నింపిన బిందెలు, శుక్రవారం రెండు స్నానాలు, శనివారం గిద్దలూరు దుమ్ము వదలడానికి ఇంకో రెండు, ప్రతిసారీ కాళ్ళు కడుక్కోవడం, సరదాగా బావ మోటారు సైకిలు కడగడం, అన్నీ గీతలుగా ఉన్నాయి. అక్క ఒక్కటి కూడా చెరపలేదు. తుడిచేస్తే ఏమైపోయేదే అన్నట్టు చూశాను. నువ్వే కదా గీయమన్నావు అన్నట్టు చూసింది.

అవ్వ తీర్పు ఇది. షెడ్డువాళ్ళు ఉంటారు. కట్టుబడి గోడలకు మంచినీళ్ళు బంద్. రంజన్ చెప్పినట్టు తడిపిన గోనెపట్టాలు గోడలకు కప్పి, స్నానాల నీళ్ళు, గిన్నెల నీళ్ళు పట్టి వాటితోనే తడుపుకోవాలి. స్లాబుకు కూడా అంతే. “ఇంగ ఈ బావ ఉన్నన్ని దినాలు నీళ్ళు స్లాబు మీదనే పోసుకోవాల. సబ్బు పెట్టగూడదు, సిమెంటు చెడిపోతాది,” అంది.

స్లాబు మీద

సోమవారం పొద్దున ఏడింటికి, ఒక్క బిందెతో, లుంగీ కట్టుకుని, నేను ఓబులయ్య స్లాబు ఎక్కాను. కింద వీధంతా ఉంది. ఊళ్ళో ఉన్న బావలందరూ వచ్చారు. చెంబు చెంబుకీ సలహాలు వచ్చాయి. ఆ మూల ఆరిపోయింది బావా అటు జరుగు అని ఒకరు, ఎడమ భుజం మీద నుంచి పోసుకుంటే తూర్పు గట్టుకు అందుతాయి అని ఒకరు. ఓబులయ్య స్వయంగా పైకెక్కి, చీపురుతో నా నీళ్ళు సమంగా పరిచాడు. ఒక్క బిందెతో మనిషి స్నానం అవుతుందని నాకు యాభై ఏళ్ళకు తెలిసింది. కొంగ ఒకసారి వచ్చి, చూసి, వెళ్ళిపోయింది.

మంగళవారం చివరి స్నానం. దిగి వస్తుంటే ఓబులయ్య తువ్వాలు అందించాడు. ఈ గదిలో మొదటగా దిగేది రంజన్ తమ్ముడు, కబురు పోయింది అన్నాడు. తర్వాత మెల్లగా, తన నాయన కూడా ఒక ఎండాకాలాన పుల్లలచెరువు అవతల నుంచి ఇక్కడికి నీళ్ళ కోసమే వచ్చినాడని, అప్పుడు ఈ వీధివాళ్ళు ఆరునెలలు వేపచెట్టు కిందే ఉంచినారని చెప్పాడు. మరి ఇదంతా ఎందుకు చేశావు బావా అని అడిగాను. తెలియదు అన్నాడు. నాకైతే ఆ జవాబు నచ్చింది.

సంచి

ఈల ఇప్పుడు నర్సమ్మవ్వ దగ్గర ఉంది. ట్యాంకరు మలుపు తిరగ్గానే ఊదుతుంది. ఆదివారం సాయంత్రమే బావ హైదరాబాదు చుట్టానికి ఫోను చేసి, రాలేనని చెప్పేశాడు. చెప్పాక కూడా సంచి మాత్రం తలుపు వెనక మేకుకే ఉంది. రెండు రోజులు అక్క దాని పక్కనుంచే తిరిగింది.

నేను బయల్దేరే ముందు అక్క దాన్ని తీసింది. లుంగీలు తీసి దండెం మీద వేసింది. టార్చిలైటు అలమారలో పెట్టింది. ఖాళీ సంచిలో నా కోసం చింతపండు, ఎర్రకారం, జొన్నరొట్టెలు, ఒక పలక సర్దింది. మోసుకురావడానికి నాకు వేరే సంచి ఉందన్నాను. ఇదే తీసుకుపోరా అంది. బావ గుమ్మంలో నిలబడి చూశాడు.

ఆ పలక ఇప్పుడు మా స్నానాల గది తలుపుకు ఉంది. మా ఆవిడ రెండు రోజులు గీసి, మూడో రోజు నుంచి సరుకుల చీటీ రాసుకుంటోంది. నేను మాత్రం ఒక్క బకెట్టుతో సరిపెడుతున్నాను, సబ్బుతోనే. మొన్న ఏదో వెతుకుతుంటే ఆవిడకు ఆ నల్ల సంచి కనిపించింది. మంచి సంచి, మీ బావగారిది కదా, ఎవరైనా అటు పోతే పంపించేద్దాం అంది.

వద్దన్నాను. ఆ సంచి ఇక్కడ ఉన్నంతకాలం మా బావ అక్కడ ఉంటాడు.